ఆపిల్ 2005లో ఐబీఎంను వదిలి ఇంటెల్ వైపు ఎందుకు వెళ్లింది?

మీరు అడిగింది చూడటానికి ఒకటే ప్రశ్నలా ఉన్నా అందులో మూడున్నాయి. తన మ్యాక్‌ల కోసం ఐబీఎం, మోటరోలా తయారుచేసే పవర్‌పీసీ చిప్‌లను మించినవి లేవని ఏళ్ల తరబడి చాటిన ఆపిల్ 2005లో ఉన్నట్టుండి వాటిని ఎందుకు వదిలేసింది? దాని వెనుక ఉన్నది ఐబీఎంతో ధర గొడవేనా? 2020లో ఇంటెల్‌కు కూడా నీళ్లొదిలింది కాబట్టి అప్పటి నిర్ణయం తప్పనుకోవాలా? ఆ సంధికాలంలో నేను మ్యాక్ కోసం ఆడియో సాఫ్ట్‌వేర్ రాసే ఒక చిన్న బృందంలో ఉండేవాడిని. పవర్‌పీసీ కోసం రాసిన కోడ్‌ను ఇంటెల్ మీద నడిచేలా మార్చడమే నా పని. అందుకని వ్యాపార లెక్కలతో పాటు లోపల పని ఎలా సాగిందో కూడా కొంత చెబుతాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. కంప్యూటర్ తయారీదారు ఇవాళ చేతిలో ఉన్న చిప్‌ను చూసి సరఫరాదారును మార్చడు. రెండు మూడేళ్ల తరువాత తాను అమ్మాల్సిన యంత్రానికి తగిన చిప్ ఎవరి దగ్గర తయారవుతుందో చూసి మారుస్తాడు. 2005 నాటికి ఆపిల్ భవిష్యత్తంతా ల్యాప్‌టాప్‌ల మీద ఉంది. ల్యాప్‌టాప్‌కు సరిపోయే వేగవంతమైన చిప్ చేయాల్సిన అవసరం ఐబీఎంకు లేదు. ఇంటెల్‌కు మాత్రం అదే ప్రధాన వ్యాపారంగా మారుతోంది. మిగిలినవన్నీ దీని చుట్టూ తిరిగేవే.

కథ 2003 జూన్‌లో మొదలుపెడదాం. ఆ నెల జరిగిన డెవలపర్ల సమావేశంలో స్టీవ్ జాబ్స్ పవర్ మ్యాక్ జీ5 అనే డెస్క్‌టాప్‌ను ఆవిష్కరించారు. అందులో ఐబీఎం తయారుచేసిన పవర్‌పీసీ 970 చిప్ (ఆపిల్ దాన్నే జీ5 అనేది), 64 బిట్ల చిప్, గరిష్ఠంగా 2 గిగాహెర్ట్జ్ వేగం. ఏడాది తిరిగేలోగా 3 గిగాహెర్ట్జ్ అందిస్తామని వేదిక మీదే మాట ఇచ్చారు. ఏడాది తిరిగింది. 2004 జూన్‌లో వచ్చింది 2.5 గిగాహెర్ట్జ్. ఆ వేగానికే చిప్‌ను చల్లగా ఉంచడానికి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు పెట్టాల్సి వచ్చింది. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో 2.7 దగ్గర ఆగింది. 3 గిగాహెర్ట్జ్ జీ5 ఎప్పటికీ రాలేదు. అదే 2004లో కొత్త ఐమ్యాక్ సిద్ధం కాకముందే పాత ఐమ్యాక్‌కు ఆర్డర్లు తీసుకోవడం ఆపేయాల్సి వచ్చింది, కొత్తది సెప్టెంబరు దాకా రాదని ఆపిల్ ప్రకటించింది. బడులు తెరిచే ముందు, కంప్యూటర్లు బాగా అమ్ముడయ్యే కాలంలో ప్రధానమైన మోడల్ దుకాణంలో లేకపోవడం ఏ తయారీదారుకైనా గుండె గుభేలుమనే విషయం.

మాట తప్పడం ఒక్కటే అయితే ఆపిల్ సర్దుకుపోయేదేమో. 1999లో జీ5కు ముందు తరం పవర్‌పీసీ చిప్ అయిన మోటరోలా జీ4 విషయంలోనూ ఇలాగే జరిగింది. 500 మెగాహెర్ట్జ్ చిప్‌లు అనుకున్నన్ని రాకపోవడంతో, ప్రకటించిన మోడళ్ల వేగాన్ని 50 మెగాహెర్ట్జ్ చొప్పున తగ్గించి అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ తరువాత కూడా జీ4 ఏడాదికి పైగా 500 దగ్గరే ఉండిపోయింది. అయినా ఆపిల్ పవర్‌పీసీని వదల్లేదు. 2005లో పరిస్థితి వేరు. ఈసారి చిక్కు డెస్క్‌టాప్‌లో కాదు, ల్యాప్‌టాప్‌లో వచ్చిపడింది.

2005 జనవరిలో వచ్చిన పవర్‌బుక్‌లో ఉన్నది 1.67 గిగాహెర్ట్జ్ జీ4. చిప్‌కూ జ్ఞాపకశక్తికీ (మెమరీకి) మధ్య డేటా నడిచే దారిని బస్సు అంటారు, దాని వేగం 167 మెగాహెర్ట్జ్. అప్పటికే ఇంటెల్ పెంటియం ఎం ల్యాప్‌టాప్‌లలో అదే బస్సు 533 దాకా వెళ్లింది. జీ4 లోపల లెక్కలు ఎంత చురుగ్గా చేసినా డేటా చేతికి అందేదాకా ఖాళీగా కూర్చునేది. పెద్ద ఆడియో ఫైళ్ల మీద పనిచేసే మాలాంటివాళ్లకు ఇది ప్రతిరోజూ తెలిసేది. పోనీ జీ5ను ల్యాప్‌టాప్‌లో పెడదామా అంటే అది సాధ్యపడలేదు. పవర్ మ్యాక్ జీ5 లోపల తొమ్మిది ఫ్యాన్లు ఉండేవి. అంత వేడిని ఒక అంగుళం మందం పెట్టెలోకి ఎక్కించడం చాలా పెద్ద సవాలని టిమ్ కుక్ కూడా బాహాటంగానే అన్నారు.

ఇక్కడ చాలామంది ఒక ప్రశ్న వేస్తారు. 2005 జూలైలో, అంటే ఆపిల్ ప్రకటన వచ్చిన నెలకే, ఐబీఎం 1.6 గిగాహెర్ట్జ్ దగ్గర 16 వాట్లు తీసుకునే జీ5ను ప్రకటించింది కదా, కొన్నాళ్లు ఓపిక పట్టి ఉంటే సరిపోయేది కదా అని. సరిపోయేది కాదు. ల్యాప్‌టాప్ బ్యాటరీని తాగేది ప్రాసెసర్ ఒక్కటే కాదు. ప్రాసెసర్‌ను జ్ఞాపకశక్తితో, గ్రాఫిక్స్‌తో కలిపే అనుసంధాన చిప్ మరొకటి ఉంటుంది. జీ5కి అలాంటి చిప్‌ను ఆపిల్ స్వయంగా రూపొందించుకోవాల్సి వచ్చేది. అది కూడా వేడెక్కేదే, విద్యుత్తు బాగా తీసుకునేదే. అంటే ఐబీఎం ప్రాసెసర్ ఇచ్చినా, ల్యాప్‌టాప్‌కు పనికొచ్చే రెండో చిప్ కోసం ఆపిల్ తన ఇంజనీర్లను ఏళ్ల తరబడి కూర్చోబెట్టాలి. ఇంటెల్ దగ్గర ప్రాసెసర్‌తో పాటు అనుసంధాన చిప్, అవసరమైతే గ్రాఫిక్స్ కూడా ఒకే గంపగా వస్తాయి. 2006లో వచ్చిన మొదటి ఇంటెల్ మ్యాక్‌లలో ఇంటెల్ 945 చిప్‌సెట్లే ఉన్నాయి. ఈ అనుసంధాన చిప్ సంగతి పత్రికల్లో పెద్దగా రాలేదు. నా దృష్టిలో నిర్ణయాన్ని ఒక వైపు మొగ్గేలా చేసిన అంశాల్లో ఇది ముఖ్యమైనది.

ఐబీఎం ఎందుకు పట్టించుకోలేదు? ఐబీఎం వైపు నుంచి చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆపిల్ 2005 ఆర్థిక సంవత్సరంలో మొత్తం సుమారు 45 లక్షల మ్యాక్‌లు అమ్మింది. అందులో ల్యాప్‌టాప్‌లన్నీ జీ4తో నడిచేవి, ఆ చిప్‌లు మోటరోలా నుంచి విడిపోయిన ఫ్రీస్కేల్ నుంచి వచ్చేవి. మ్యాక్ మినీ, ఈమ్యాక్‌లూ అంతే. ఐబీఎంకు మిగిలింది అందులో ఒక భాగం మాత్రమే. అదే సమయంలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360, సోనీ ప్లేస్టేషన్ 3, నింటెండో తరువాతి ఆటయంత్రం, ఈ మూడింటికీ చిప్‌లు ఐబీఎం సాంకేతికతతోనే తయారవుతున్నాయి. ఒక్కో యంత్రం కోట్లలో అమ్ముడయ్యేది, పైగా ఒకసారి రూపొందించిన చిప్‌ను ఏళ్ల పాటు అదే రూపంలో అమ్ముకోవచ్చు. మరోవైపు పెద్ద సర్వర్ల కోసం పవర్ చిప్‌లు, వాటి మీద లాభాలు. ఏటా వేగం పెంచమని, వేడి తగ్గించమని, ధర కూడా తగ్గించమని అడిగే కొద్దిపాటి లక్షల ఖాతాదారు కోసం ప్రత్యేకంగా ల్యాప్‌టాప్ చిప్ వంశాన్ని పోషించడం ఐబీఎంకు గిట్టుబాటు కాదు.

ఇందులో ఒక వింత ఉంది. ఎక్స్‌బాక్స్ 360 తయారవుతున్న తొలి రోజుల్లో ఆటల కంపెనీలకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అభివృద్ధి యంత్రాలు ఆపిల్ పవర్ మ్యాక్ జీ5లే. 2005 మే నెలలో ఈ3 అనే వీడియో ఆటల ప్రదర్శనలో కొత్త ఎక్స్‌బాక్స్ ఆటలను ఆ యంత్రాల మీదే నడిపించారు. పవర్‌పీసీ ప్రపంచపు బరువు ఎటు జరుగుతోందో దాన్ని బట్టే తెలుస్తుంది. ఆ ఎక్స్‌బాక్స్ చిప్ 3.2 గిగాహెర్ట్జ్ వేగంతో వచ్చింది కదా, మరి ఆపిల్‌కు 3 ఇవ్వలేరా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ రెండూ ఒక జాతి చిప్‌లు కావు. ఎక్స్‌బాక్స్ కోసం చేసినది ఆదేశాలను వచ్చిన వరుసలోనే నడిపించే సరళమైన చిప్. జీ5 అలా కాదు, ఆదేశాలు వేచి ఉండాల్సి వస్తే వరుస మార్చి, సిద్ధంగా ఉన్నదాన్ని ముందు పూర్తిచేస్తుంది. మామూలు కంప్యూటర్ ప్రోగ్రాములకు కావలసింది ఆ నేర్పే. అది లేని చిప్‌ను గిగాహెర్ట్జ్ చూసి మ్యాక్‌లో పెడితే ఫైళ్లు చూపే ఫైండర్, బ్రౌజర్, ఫోటోషాప్ అన్నీ నత్తనడక నడిచేవి.

ధర సంగతికి వద్దాం. ధర మీద బేరాలు లేవని నేను అనను. సరఫరాదారుతో ధర దగ్గర పట్టుబట్టని తయారీదారు ఉండడు. అయితే ధరే కారణమైతే ఆపిల్ వెళ్లాల్సింది ఇంటెల్ దగ్గరికి కాదు. ఇంటెల్ చిప్‌లు చవకైనవని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. కేవలం వేగం, ధర చూసుకుంటే 2005లో ఇంటెల్ పోటీదారు ఏఎండీ ఉంది. అథ్లాన్ 64, ఆప్టెరాన్ చిప్‌లు డెస్క్‌టాప్, సర్వర్లలో ఇంటెల్ పెంటియం 4 కుటుంబాన్ని చాలా పరీక్షల్లో వెనక్కి నెట్టేశాయి. అయినా ఆపిల్ ఏఎండీని ఎంచుకోలేదు. అప్పటికే వచ్చిన ఏఎండీ ల్యాప్‌టాప్ చిప్ ట్యూరియన్, తక్కువ విద్యుత్తు వాడకంలో పెంటియం ఎంకు సాటిరాలేదు. పైగా ఏఎండీ చిప్‌లు ప్రధానంగా జర్మనీలోని డ్రెస్డెన్ కర్మాగారం నుంచే వచ్చేవి. సరుకు అందక ఒకసారి మోటరోలాతో, మరోసారి ఐబీఎంతో ఇబ్బందిపడిన కంపెనీ, మూడోసారి అలాంటి అవకాశం ఉన్నచోటికి ఎందుకు వెళుతుంది?

ఇంటెల్ లోపల ఆ రోజుల్లో ఏం జరుగుతోందో కూడా చూడాలి. ఎందుకంటే 2003లో ఇదే నిర్ణయం తీసుకుని ఉంటే అది తప్పయ్యేది. ఇంటెల్ పెంటియం 4ను ఏ లక్ష్యంతో రూపొందించిందంటే, గిగాహెర్ట్జ్ అంకె పెరుగుతూనే పోవాలి. 2004లో వచ్చిన ప్రెస్కాట్ చిప్ పొయ్యిలా మండింది. దాని తరువాత రావాల్సిన తేజస్‌ను 2004 మే నెలలో ఇంటెల్ రద్దు చేసుకుంది. ఈలోగా ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఒక బృందం వేరే దారిలో నడిచింది. వాళ్లు 2003లో తెచ్చిన పెంటియం ఎం, తక్కువ గిగాహెర్ట్జ్‌తోనే పెంటియం 4కు దీటుగా పనిచేస్తూ బ్యాటరీని పొదుపుగా వాడేది. తేజస్ రద్దుతో ఇంటెల్ మొత్తం ఆ హైఫా దారిలోకి తిరిగింది. కోర్ డుయో, కోర్ 2 డుయో అన్నీ ఆ వంశంలోవే. ఆపిల్ పెద్దలు ఇంటెల్ గదుల్లో కూర్చుని చూసింది ఈ రాబోయే చిప్‌ల పటాన్ని.

2005 జూన్ 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో జాబ్స్ ఈ మార్పును ప్రకటించినప్పుడు చూపిన అంకెలు కూడా అవే. 2006 మధ్య నాటికి ఒక వాట్ విద్యుత్తుతో పవర్‌పీసీ 15 పాళ్ల పని చేస్తే, ఇంటెల్ 70 పాళ్లు చేస్తుందని అన్నారు. అవి అమ్మకందారు తెర మీద చూపిన అంకెలు, కచ్చితమైన కొలతలుగా తీసుకోకండి. కానీ ఆయన గిగాహెర్ట్జ్‌ల గురించి కాక, వాట్‌కు ఎంత పని అన్నదాని గురించి మాట్లాడారు. మన దృష్టి పడాల్సింది దాని మీదే. పవర్‌పీసీతో ఫలానా యంత్రాలు తయారుచేయాలని తమకున్నా ఎలా చేయాలో తెలియడం లేదని కూడా ఆ రోజు ఆయన చెప్పారు. సరఫరాదారును మార్చడానికి ఒక తయారీదారు అంతకంటే నిజాయితీగా కారణం చెప్పగలడని నేను అనుకోను.

ఇంత పెద్ద మార్పు ఆపిల్ చేయగలిగిందంటే, దానికి ఆపిల్ కంటే ముందు నెక్స్ట్ కంపెనీకి దండం పెట్టాలి. జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ తన యంత్రాలు అమ్ముడుపోక, 1993లో హార్డ్‌వేర్ మానేసి, తన ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇంటెల్‌తో సహా పలు రకాల చిప్‌లకు తరలించింది. ఒకే ఫైలులో రెండు మూడు రకాల చిప్‌లకు కోడ్ పెట్టే పద్ధతి కూడా అప్పుడే వచ్చింది. 1997లో నెక్స్ట్‌ను ఆపిల్ కొనేసింది, ఆ వ్యవస్థ మీదే మ్యాక్ ఓఎస్ ఎక్స్ కట్టింది. దాని మూలాల్లో ఇంటెల్ మొదటి నుంచీ ఉంది. ఐదేళ్లుగా మ్యాక్ ఓఎస్ ఎక్స్ రహస్యంగా రెండు జీవితాలు గడుపుతోందని, ప్రతి విడుదలనూ పవర్‌పీసీతో పాటు ఇంటెల్‌కు కూడా కంపైల్ చేస్తూ (అంటే రాసిన కోడ్‌ను ఆ చిప్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మారుస్తూ) వచ్చామని జాబ్స్ చెబితే సభ ఆశ్చర్యపోయింది. ఆ రోజు ఆయన చూపిన ప్రదర్శన అంతా నడిచింది కూడా పెంటియం 4 ఉన్న యంత్రం మీదే. బయటకు మార్క్లార్ అనే పేరుతో తెలిసిన ఆ పని మొదట్లో లోపలి ఇంజనీర్లు కొద్దిమంది చేసిందే. ఏళ్ల తరబడి ఎవరికీ చూపకుండా, అవసరం వస్తుందో రాదో తెలియకుండా ఆ పని చేసినవాళ్ల మీద నాకు అపారమైన గౌరవం. ఐబీఎంతో బేరమాడేటప్పుడు ఆపిల్ చేతిలో ఉన్న అసలు బలం వాళ్లు కంపైల్ చేసి పెట్టిన ఆ రెండో ఓఎస్సే. అది లేకపోతే ఇంటెల్ వైపు వెళ్తామన్నా ఎవరూ భయపడేవారు కాదు.

ఇక మా వైపు పని. ఆపిల్ 999 డాలర్లకు డెవలపర్లకు ఒక పెట్టె ఇచ్చింది. పైకి పవర్ మ్యాక్ జీ5 లాగే ఉంటుంది, లోపల 3.6 గిగాహెర్ట్జ్ పెంటియం 4. 2006 చివరికల్లా తిరిగి ఇచ్చేయాలి. ప్రోగ్రాములు రాయడానికి ఆపిల్ ఇచ్చే ఎక్స్‌కోడ్‌లో ఒక గడి టిక్ చేసి మళ్లీ కంపైల్ చేస్తే రెండు చిప్‌లకూ పనికొచ్చే ప్రోగ్రాము తయారవుతుందని వేదిక మీద చెప్పారు. వోల్‌ఫ్రామ్ కంపెనీ వాళ్లు మ్యాథమెటికాను దాదాపు రెండు గంటల్లో తరలించామని చూపించారు కూడా. కొందరికి నిజంగానే అంత సులువైంది. మాకు కాలేదు, దానికి కారణం సంఖ్యలను రాసే వరుస.

రెండు బైట్ల సంఖ్యను పవర్‌పీసీ పెద్ద బైటు ముందు పెట్టి రాస్తుంది, ఇంటెల్ చిన్న బైటు ముందు పెట్టి రాస్తుంది. ఏఐఎఫ్ఎఫ్ ఆడియో ఫైలు తీసుకోండి. అందులో ఎన్ని ఛానళ్లు ఉన్నాయో చెప్పే చోట స్టీరియోకు 00 02 అని ఉంటుంది. పవర్‌పీసీ మీద అది 2. అదే కోడ్‌ను ఏమీ మార్చకుండా ఇంటెల్ మీద నడిపితే ఆ రెండు బైట్లను తిరగేసి చదివి 512 ఛానళ్లు అంటుంది. ప్రోగ్రాము 512 ఛానళ్లకు జ్ఞాపకశక్తి కేటాయించబోయి కుప్పకూలుతుంది. అది ఒక విధంగా మేలే, తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. అసలు కష్టం శబ్దపు నమూనాల దగ్గర. 256 అనే విలువ 1గా, 1 అనే విలువ 256గా మారిపోతే ప్రోగ్రాము కూలదు, చక్కగా నడుస్తుంది. స్పీకర్లలో మాత్రం వీణ స్థానంలో చెవులు చిల్లులు పడే బుస్సుమనే శబ్దం వస్తుంది. ఫైలు చదివే చోట, ఫైలు రాసే చోట, నెట్‌వర్కు మీద పంపే చోట, ప్లగిన్‌కు డేటా అందించే చోట, ప్రతిచోటా ఎవరి వరుస ఏదో వెతికి సరిచేయాలి. పవర్‌పీసీ ఒక్కటే ఉన్న రోజుల్లో పదేళ్ల పాటు ఎవరూ దీని గురించి ఆలోచించలేదు కాబట్టి కోడ్‌లో ఆ ఊహ అంతటా ఇంకిపోయి ఉంది.

ఇంకొకటి చెబుతాను. పూర్ణాంకాన్ని సున్నాతో భాగిస్తే పవర్‌పీసీ మీద ప్రోగ్రాము ఆగదు, ఏదో ఒక అంకె చేతిలో పెట్టి ముందుకు సాగిపోతుంది. ఇంటెల్ మీద అక్కడికక్కడే ఆపేస్తుంది. అంటే పవర్‌పీసీ మీద ఏళ్ల తరబడి నిక్షేపంగా నడిచిన ప్రోగ్రాము, నిజానికి లోపల తప్పు లెక్క చేస్తూనే నడిచిందన్నమాట. ఇలాంటివి బయటపడ్డ ప్రతిసారీ కోడ్ మెరుగుపడింది. ఒకే చిప్ మీద నడిచే కోడ్‌ను రెండో చిప్ మీద నడిపి చూడటమంత మంచి పరీక్ష లేదని అప్పటినుంచి కొత్తవాళ్లందరికీ చెబుతూ వస్తున్నాను.

పవర్‌పీసీ వదులుకోవడంలో నష్టం లేదని మాత్రం అనకండి. పవర్‌పీసీలో ఆల్టివెక్ అనే విభాగం ఉండేది, ఒకేసారి నాలుగు దశాంశ సంఖ్యల మీద లెక్క చేసేది, 128 బిట్ల గదులు 32 ఉండేవి. ఇంటెల్‌లో అలాంటి విభాగమైన ఎస్ఎస్ఈలో 32 బిట్ల ప్రోగ్రాములకు దక్కేవి ఎనిమిదే. గుణించి కూడటాన్ని ఆల్టివెక్ ఒకే ఆదేశంలో చేసేది, అప్పటి ఇంటెల్‌లో రెండు కావాలి. ప్రతిధ్వని, ఫిల్టర్ల లెక్కలన్నీ గుణించి కూడటమే కాబట్టి, చేత్తో చెక్కినట్టు రాసుకున్న ఆల్టివెక్ కోడ్‌ను తీసి పక్కన పెట్టడం మాకు నిజంగా బాధ కలిగించింది. మొదటి కోర్ డుయో 32 బిట్ల చిప్. 64 బిట్ల జీ5 నుంచి 32 బిట్లకు రావడం కాగితం మీద వెనకడుగే. కానీ కోర్ డుయోతో ల్యాప్‌టాప్‌లో రెండు కోర్లు దొరికాయి, పక్కనే వేగంగా పనిచేసే బస్సు దొరికింది. పవర్‌బుక్ మీద తడబడిన ప్రాజెక్టు కొత్త మ్యాక్‌బుక్ ప్రో మీద హాయిగా నడిచింది.

పాత ప్రోగ్రాముల కోసం రోసెట్టా పెట్టారు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి పుట్టిన ట్రాన్సిటివ్ అనే కంపెనీ సాంకేతికత అది. పవర్‌పీసీ ఆదేశాలను నడుస్తుండగానే ఇంటెల్ ఆదేశాలుగా మార్చేది. 1994లో మోటరోలా 68000 వంశం నుంచి పవర్‌పీసీకి మారినప్పుడు కూడా ఆపిల్ ఇలాంటి ఉపాయమే వాడింది. ఉత్తరాలు రాసుకునేవాళ్లకు, చిన్నచిన్న ప్రోగ్రాములకు రోసెట్టా ఉన్నట్టే తెలిసేది కాదు. ఫోటోషాప్ వాడేవాళ్లకు మాత్రం చుక్కలు కనిపించాయి. ఇంటెల్‌కు సిద్ధమైన ఫోటోషాప్ 2007 ఏప్రిల్‌లో గానీ రాలేదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ అయితే 2008 జనవరి దాకా ఆగాలి, పైగా ఎక్సెల్ మ్యాక్రోలు రాసుకునే విజువల్ బేసిక్‌ను అందులోంచి తీసేశారు. ఆ భాగం పవర్‌పీసీ ఆదేశాలతో అంతగా పెనవేసుకుపోయింది. లెక్కల షీట్ల మీద ఆఫీసులు నడుపుకునేవాళ్లకు అది 2011 వెర్షన్ దాకా తిరిగి రాలేదు.

అమ్మకాల వైపు ఆపిల్ చూపిన నేర్పు గురించి ఒక్క మాట. ఏడాది ముందే మార్పు ప్రకటిస్తే, ఉన్న యంత్రాలు ఎవరూ కొనరన్న భయం ఉంటుంది. దాన్ని తట్టుకోవడానికి వేగం ఒక్కటే మందు. 2006 జూన్‌లో మొదలుపెట్టి 2007 చివరికి పూర్తిచేస్తామన్నవాళ్లు, 2006 జనవరి 10నే ఐమ్యాక్, మ్యాక్‌బుక్ ప్రోలతో మొదలుపెట్టారు. ఆగస్టు 7న మ్యాక్ ప్రో, ఎక్స్‌సర్వ్ సర్వర్‌లతో ముగించారు. కొత్త ఐమ్యాక్ బయటి రూపం పాతదే, ధర కూడా పాతదే. ఒకేసారి రూపం, చిప్, ధర అన్నీ మార్చి కొనేవాడిని బెదరగొట్టలేదు.

అయితే ఈ ప్రశంసలో కొట్టుకుపోకూడని మనుషులున్నారు. 2005 అక్టోబరులో, అంటే ఇంటెల్ ప్రకటన తరువాత కూడా, ఆపిల్ నాలుగు కోర్ల పవర్ మ్యాక్ జీ5ను వృత్తిపనివాళ్లకు అమ్మింది. నిజంగా గొప్ప యంత్రం. 2009 ఆగస్టులో వచ్చిన కొత్త మ్యాక్ ఓఎస్ ఎక్స్, స్నో లెపర్డ్, దాని మీద ఎక్కదు. నాలుగేళ్లు కూడా నిండలేదు. స్టూడియోలు అప్పు చేసి కొన్న యంత్రాలు అవి. ఓఎస్ 9 కాలపు ప్రోగ్రాములు ఇంటెల్ మ్యాక్‌ల మీద అసలు నడవలేదు. 2011లో ఆ తరువాతి వెర్షన్ లయన్‌తో రోసెట్టా కూడా పోయింది. ఇలా మధ్యలో చిక్కుకున్నవారి పట్ల ఆపిల్ ఇంకొంచెం ఉదారంగా ఉండి ఉండాల్సిందని నేను గట్టిగా నమ్ముతాను. సరఫరాదారును మార్చడం తయారీదారు హక్కు. దాని ఖర్చును నిన్ననే కొన్న ఖాతాదారు నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

మీ మూడో ప్రశ్న, 2020. అప్పుడు ఇంటెల్ విషయంలో జరిగింది 2004లో ఐబీఎం విషయంలో జరిగినదానికి నకలులా ఉంటుంది. ఇంటెల్ 2014లో 14 నానోమీటర్ల తయారీకి వచ్చింది (ఈ అంకె తగ్గేకొద్దీ చిప్ చిన్నదవుతుంది, విద్యుత్తు తక్కువ తీసుకుంటుంది), ఆ తరువాతి 10 నానోమీటర్లు ఏళ్ల తరబడి వాయిదా పడి, 2019లో గానీ ల్యాప్‌టాప్‌లలో చెప్పుకోదగ్గ సంఖ్యలో రాలేదు. పలుచని మ్యాక్‌బుక్‌లను రాబోయే చల్లని చిప్‌లను నమ్ముకుని గీశారు, ఆ చిప్‌లు సమయానికి రాలేదు. తేడా ఏమిటంటే ఈసారి ఆపిల్ మరో అమ్మకందారు దగ్గరికి పోవాల్సిన అవసరం పడలేదు.

ఎందుకు పడలేదో తెలియాలంటే మళ్లీ పవర్‌పీసీ దగ్గరికే రావాలి. 2003లో డాన్ డాబర్‌పుల్ స్థాపించిన పీఏ సెమీ అనే చిన్న కంపెనీ, తక్కువ విద్యుత్తుతో నడిచే పవర్‌పీసీ చిప్‌ను రూపొందిస్తూ ఉండేది. ఆపిల్ ల్యాప్‌టాప్‌లకు కావలసింది సరిగ్గా అలాంటిదే. అది సిద్ధమయ్యేలోపే ఆపిల్ ఇంటెల్‌తో వెళ్లిపోయింది. 2008 ఏప్రిల్‌లో ఆ కంపెనీనే ఆపిల్ 27.8 కోట్ల డాలర్లకు కొనేసింది, వాళ్ల చిప్ కోసం కాదు, ఆ ఇంజనీర్ల కోసం. ఇంటెల్‌లో, ఐబీఎంలో పనిచేసిన జానీ స్రూజీ కూడా అదే ఏడాది ఆపిల్‌లో చేరారు. ఆపిల్ సొంత చిప్‌లు ఒక్కొక్కటే వచ్చాయి: ఐఫోన్, ఐప్యాడ్‌ల కోసం 2010లో ఏ4, 2013లో 64 బిట్ల ఏ7, మ్యాక్‌లో ఇంటెల్ స్థానంలో 2020 నవంబరులో ఎం1. ఏటా 20 కోట్లకు పైగా ఐఫోన్లు అమ్ముడవుతున్న రోజుల్లో ఆ చిప్ పని మీద పెట్టే ఖర్చు మోయగలిగేదే. 45 లక్షల మ్యాక్‌ల రోజుల్లో అది ఊహకు కూడా అందేది కాదు. మొదటి ఐఫోన్ చిప్ చేసే అవకాశాన్ని ఇంటెల్ వదులుకుందని, ఆపిల్ ఇస్తానన్న ధర తమ అంచనా ఖర్చు కంటే తక్కువగా కనిపించిందని, తీరా చూస్తే అమ్మకాలు అందరి ఊహకు వంద రెట్లు మించాయని ఇంటెల్ సీఈఓ పాల్ ఒటెల్లిని 2013లో పదవి వీడేటప్పుడు ఒప్పుకున్నారు.

కాబట్టి 2005 నిర్ణయం తప్పు కాదన్నదే నా తీర్పు. సొంత చిప్ చేసుకునే డబ్బు, మనుషులు, తయారీకి టీఎస్ఎంసీ (ఇతరులు రూపొందించిన చిప్‌లను తయారుచేసే తైవాన్ కంపెనీ) లాంటి భాగస్వామి, ఇవేవీ అప్పుడు ఆపిల్‌కు లేవు. ఇంటెల్‌తో గడిపిన పద్నాలుగేళ్లలో మ్యాక్ అమ్మకాలు ఏడాదికి 45 లక్షల నుంచి కోటిన్నర దాటాయి. విండోస్ కూడా అదే యంత్రం మీద ఎక్కించుకోవచ్చన్న ధైర్యంతో కొత్తవాళ్లు మ్యాక్ వైపు వచ్చారు. మా కోడ్ సంగతి చెప్పాలంటే, ఎం1 కూడా ఇంటెల్ లాగే చిన్న బైటు ముందు పెట్టే చిప్. 2006లో బైట్ల వరుస సరిచేసిన చోట్లలో ఒక్కదాన్నీ 2020లో మళ్లీ ముట్టుకోవాల్సిన పని రాలేదు.